కేబుల్ బ్రిడ్జి ఫొటోలకి 10 స్టాప్ ఎన్‌డి ఫిల్టర్ కొనాలా?

సాయంత్రం హైదరాబాద్ దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జిని 15, 20 సెకన్లు షట్టర్ తెరిచి తీస్తే మసగ్గా వస్తోంది, ఫిల్టర్ కొంటే బాగుపడుతుందా అని ఒకరు అడిగారు. బాగుపడదు. ఎన్‌డి ఫిల్టర్ అంటే లెన్స్ ముందు బిగించే నల్లటి అద్దం. అది వెలుతురుని తగ్గిస్తుందే గానీ అదురుని ఆపదు. పొద్దుగూకాక ఐఎస్‌ఓ 100 (సెన్సర్ స్పందన), ఎఫ్/11 (లెన్స్ రంధ్రం కొలత) దగ్గర షట్టర్ ఎటూ 10-15 సెకన్లకి వచ్చేస్తుంది. ఒక్కో స్టాప్‌కి వెలుతురు సగమవుతుంది. అప్పుడు 10 స్టాప్ తగిలిస్తే షట్టర్ సమయం వెయ్యి రెట్లు, అంటే 15 సెకన్లది నాలుగు గంటలు దాటుతుంది!

ముందు ట్రైపాడ్ ఎక్కడ పెట్టారో చూసుకోండి. బ్రిడ్జి మీదే పెడితే బస్సు వెళ్లిన ప్రతిసారీ కింద అదురుతుంది, ఎంత ఖరీదైన ట్రైపాడైనా దండగే. చెరువు పక్క నడకదారిలోకి దిగండి. సెంటర్ కాలమ్ పైకి లేపొద్దు. స్టెబిలైజేషన్ (చేతి అదురుని సరిదిద్దే ఏర్పాటు) ఆపేయండి. లైవ్ వ్యూలో (కెమెరా తెర మీద) పైలాన్, అంటే కేబుళ్లని మోసే స్తంభం, అంచుని పెద్దది చేసి ఫోకస్ కుదిరాక మాన్యువల్‌కి మార్చి, 2 సెకన్ల టైమర్‌తో తీయండి. ఎఫ్/16 దాటితే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలో వెలుతురు చెదరడం) వల్ల ఆ సన్నటి కేబుళ్ల పదును పోతుంది. నీళ్ల మీద గుర్రపుడెక్క తేలుతుంటే ప్రతిబింబం మీద ఆశ వదులుకోండి, పచ్చటి మరక తప్ప ఏమీ రాదు.

అసలు పేచీ దీపాలతో. కేబుళ్ల ఎల్ఈడీలు రంగులు మారుస్తూనే ఉంటాయి. 15 సెకన్లలో ఎరుపు, నీలం, ఆకుపచ్చ కలిసిపోయి పాలిపోయిన తెలుపు మిగులుతుంది. (ఈమధ్య ఫ్లైఓవర్ల నుంచి గాలిగోపురాల దాకా అన్నిటికీ ఇదే రంగుల జాతర. ఒక్క రంగు దీపం వేస్తే కట్టడం కనబడుతుంది కదా!) అందుకని ఆకాశానికీ నీళ్లకీ 15 సెకన్ల ఫ్రేమొకటి, ఒకే రంగు వెలుగుతున్నప్పుడు దీపాలకి ఒకటి రెండు సెకన్ల ఫ్రేమొకటి విడిగా తీసి, ఫొటోషాప్‌లో మాస్క్‌తో (ఏ ఫ్రేములో ఏ భాగం కనిపించాలో ఎంచుకుని) కలపండి. హిస్టోగ్రామ్ (కెమెరా చూపే వెలుతురు గ్రాఫ్) ఆర్‌జీబీలో, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూడండి. మొత్తం గ్రాఫ్ బాగానే ఉన్నా నీలం ఒక్కటే కుడిగోడకి గుద్దుకుని, అంటే వెలుతురు మితిమీరి ఉంటుంది. అలా పోయిన వివరం రా ఫైల్లోనూ (కెమెరా మార్చకుండా దాచే అసలు ఫైలు) సరిగ్గా తిరిగి రాదు.

నిలువు గీతలు లోపలికి వాలకూడదంటే కెమెరా పైకెత్తకండి. లెవెల్‌గా పెట్టి, వెడల్పుగా తీసి, కింద ఎక్కువైంది కత్తిరించుకోండి. ఎత్తక తప్పకపోతే లైట్‌రూమ్‌లో గైడెడ్ అప్‌రైట్ (గీసిన గీతల్ని బట్టి వాలుని సరిచేసే పనిముట్టు) తీసుకుని పైలాన్ రెండు అంచుల మీద గీతలు గీయండి. మూలలు కొన్ని తెగిపోతాయి కాబట్టి తీసేటప్పుడే చుట్టూ చోటు వదలండి. పూర్తిగా నిటారు చేస్తే పైభాగం లావుగా కనిపిస్తుంది, వర్టికల్ స్లైడర్‌ని కాస్త వెనక్కి లాగండి.

ఫిల్టర్ పనికొచ్చేది పట్టపగలు, మేఘాల్ని సాగదీయడానికి. 1/60 సెకను ఉన్నచోట 10 స్టాప్‌తో 17 సెకన్లు వస్తుంది. ఫోకస్ అయ్యాకే ఫిల్టర్ బిగించాలి, డీఎస్ఎల్ఆర్ అయితే వ్యూఫైండర్ మూసేయాలి, లేదంటే వెనకనుంచి వెలుతురు దూరుతుంది. చవక ఫిల్టర్లలో ఎర్రజీర సాధారణమే. అది వైట్ బ్యాలెన్స్‌తో కొంత పోతుంది, మూలల్లో మిగిలింది మాత్రం పోదు. డబ్బులు వద్దనుకుంటే ఫిల్టర్ లేకుండా వరసగా 16 ఫ్రేములు తీసి, ఫొటోషాప్‌లో అన్నిటినీ కలిపి స్మార్ట్ ఆబ్జెక్ట్ చేసి స్టాక్ మోడ్‌లో మీన్ (సగటు) పెట్టండి. నీళ్లు నునుపవుతాయి, నాయిస్ (చుక్కచుక్కల గరుకు) నాలుగో వంతుకి దిగుతుంది. కానీ బండ్ల దీపాల గీతలకి ఈ పద్ధతి వద్దు, వెలిసిపోతాయి. వాటికి లేయర్లని లైటెన్‌లో (ప్రతిచోటా ఎక్కువ వెలుగున్నదే నిలిపే మోడ్) కలపాలి.