తుప్పు పట్టిన బోల్టు, రోమా పత్రిక 13వ అధ్యాయం

"క్రైస్తవుల దృష్టిలో ప్రభుత్వం చేయాల్సిన పని ఏమిటి, దానికి ఎంతవరకు లోబడాలి?" అని అడిగారు. నేను బైబిలు కాలేజీలో చదివినవాణ్ణి కాను. విశాఖలో కంచరపాలెం దగ్గర కొండవాలు మీద ఉన్న ఒక చిన్న బాప్టిస్టు సంఘంలో పుట్టి పెరిగాను. ఈ ప్రశ్నకు నాకు జవాబు దొరికింది హుద్‌హుద్ తుపాను రోజుల్లో. కాబట్టి అక్కడి నుంచే చెప్తాను.

2014 అక్టోబరు 11, శనివారం సాయంత్రం. ముసురు పట్టి ఉంది గానీ గాలి ఇంకా పెద్దగా లేదు. మర్నాటి ఆరాధన కోసం చర్చిలో చాపలు దులుపుతున్నాం. కింద రోడ్డు మీద మైకు కట్టిన ఆటో తిరుగుతోంది. కాసేపటికి రెవెన్యూ ఆఫీసు నుంచి ఒక అమ్మాయి మెట్లెక్కి వచ్చింది, వెంట ఒక కానిస్టేబులు. పాతికేళ్లుంటాయేమో. పేర్ల లిస్టు తడవకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంది. "కొండ మీద ఇళ్లవాళ్లంతా ఈ రాత్రికే కింద స్కూల్లోకి దిగిపోవాలండీ. రేపు ఇక్కడ ఎవరూ చేరకూడదు. చర్చికి తాళం వేసేయండి" అంది.

తాళం అనేసరికి మా పెద్దవాళ్లకు రోషం వచ్చింది. నేను పిన్నమ్మ అని పిలిచే ఒకావిడ చీపురు కింద పడేసి ముందుకొచ్చింది. "ఏటమ్మా, గాలొస్తాదని దేవుడికి ఆరాధన మానేస్తామేటి? దానియేలు సింహాల బోనుకెల్లాడు గానీ ప్రార్థన మానేడా?" అని అడిగింది. సంఘ పెద్దల్లో ఇద్దరు ఆవిడ పక్షం. మనుషులకు కాదు, దేవునికే లోబడాలని యేసు శిష్యుడు పేతురు చెప్పిన మాట, అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయం తీసి చదివారు. ఇంకొకాయన రోమా 13 తీశాడు, అంటే అపొస్తలుడైన పౌలు రోమా క్రైస్తవులకు రాసిన పత్రికలో 13వ అధ్యాయం, పై అధికారులకు లోబడమన్న మొదటి వచనం. మా పాస్టరు అయ్యగారు ఎటూ తేల్చలేక నిలబడ్డారు. ఆ అమ్మాయి ఎవరినీ కసరలేదు. గుమ్మం దగ్గర తడుస్తూ అలాగే ఉంది.

మా నాన్న షిప్‌యార్డులో వెల్డరుగా చేసి రిటైరయ్యారు. ఆయన బైబిలు తీయలేదు, నిచ్చెన తెమ్మన్నారు. మా చర్చికి ఇటుక గోడలు, ఇనుప దూలాల మీద సిమెంటు రేకులు. రేకుల్ని పట్టి ఉంచేవి హుక్ బోల్టులే. నాన్న పైకెక్కి స్పానరు పెట్టి ఒక నట్టు తిప్పారు. తిప్పడం ఏమిటి, ముట్టుకోగానే బోల్టు మెడ దగ్గర విరిగి చేతిలోకి వచ్చేసింది. పదిహేనేళ్ల సముద్రపు గాలికి లోపలంతా పొరలు పొరలుగా తుప్పు. దిగి వచ్చి ఆ ఎర్రటి పొడి అరచేతిలో పెట్టి అయ్యగారికి చూపించారు. "అయ్యగారూ, ఆ పిల్ల మనల్ని ప్రార్థన మానమనలేదు. ఈ రేకుల కింద కూర్చోవద్దంది. రెండూ ఒకటి కాదు కదండీ" అన్నారు.

ఆ రాత్రి అందరం స్కూల్లోకి దిగాం. ఆదివారం ఆరాధన అక్కడే, బ్లాక్‌బోర్డు ముందు, మాతో కలిసి ఆ గదిలో ఉన్న హిందువులు కూడా వింటుండగా జరిగింది. మధ్యాహ్నం తుపాను కన్ను ఊరి మీదికి వచ్చినప్పుడు కాసేపు గాలి ఆగింది. కొందరు ఇళ్లు చూసుకుని వస్తామని లేచారు. కానిస్టేబులు గేటుకు అడ్డంగా నిలబడి ఒక్కరినీ వదల్లేదు. ఆ తర్వాత ఎదురువైపు నుంచి వచ్చిన గాలి విన్నవాళ్లు జీవితంలో మరిచిపోరు. సోమవారం పొద్దున కొండెక్కి చూస్తే చర్చికి కప్పు లేదు. ముందు వరుసలో పిల్లల్ని కూర్చోబెట్టే చోట, సరిగ్గా అక్కడే, ఒక దూలం అడ్డంగా పడి ఉంది. మా ఆరాధన తొమ్మిదిన్నరకు మొదలై పన్నెండు దాటాక గానీ ముగియదు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

దానియేలు సంగతి తీసుకోండి. దర్యావేషు రాజు ఇచ్చిన శాసనం ఏమిటి? ముప్పై రోజులు రాజుకు తప్ప ఏ దేవునికీ మనవి చేయకూడదని. అది దేవునికి చెందినదాన్ని రాజు లాక్కోవడం. శనివారం వచ్చిన ఆజ్ఞ కొండ మీది గుడికీ, మసీదుకీ, సినిమా హాలుకీ, చర్చికీ ఒక్కటే. ప్రాణాలు కాపాడటానికి అందరి మీదా సమానంగా వేసిన ఆజ్ఞకు క్రైస్తవుడు లోబడాలి, అదీ సణుక్కోకుండా. మన రాజ్యాంగం 25వ అధికరణం మత స్వేచ్ఛ ఇస్తూనే శాంతిభద్రతలకు, నైతికతకు, ఆరోగ్యానికి లోబడి అంటుంది. నాకు అందులో బైబిలుకు విరుద్ధమైనది ఏదీ కనబడలేదు.

రోమా 13లో అందరూ మొదటి వచనం దగ్గర ఆగిపోతారు. నాలుగో వచనం దాకా వెళ్లండి. అక్కడ పౌలు అధికారుల్ని దేవుని పరిచారకులు అంటాడు. తిమోతికి రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయంలో సంఘంలో సేవ చేసేవాళ్లకు వాడిన మాట కూడా అదే, పౌలు రాసిన మూల గ్రీకులోనూ అదే మాట. అంటే మన సంఘంలో చాపలు పరిచి, బల్ల సర్ది, విధవరాళ్లకు బియ్యం పంచే మనిషికి ఏ పేరో, కలెక్టరుకూ ముఖ్యమంత్రికీ అదే పేరు. దొర అనలేదు, యజమాని అనలేదు. పరిచారకుడు యజమాని అయితే ఏమవుతుందో, రాజు కావాలని అడిగిన ఇశ్రాయేలీయులకు సమూయేలు ప్రవక్త ముందే చెప్పాడు: మీ కొడుకుల్ని రథాలకు తోలుకుపోతాడు, మంచి పొలాలు తీసుకుంటాడు, పంటలో పదో వంతు లాగుతాడు అని.

అలాగని ఆ నాలుగో వచనమే అధికారుల చేతిలో ఉందని చెప్పే కత్తి వద్దని కాదు. తుపాను తర్వాత మా వైపు పాల ప్యాకెట్‌కు ఎవడి నోటికొచ్చిన రేటు వాడు చెప్పాడు. చంటిపిల్ల ఉన్న ఇల్లు మాది, చెప్పినంతా పెట్టి కొన్నాను. మర్నాడు పాల వ్యాను పక్కన పోలీసు నిలబడి మనిషికి ఒక ప్యాకెట్, అసలు ధరకే ఇప్పించాడు. లాఠీ పైకెత్తలేదు, నిలబడ్డాడంతే. అధికారులు ఊరకే ఖడ్గం ధరించరన్న మాటకు అర్థం ఆ క్యూలో తెలిసింది నాకు. కానుకలు పట్టి, ఉపవాసం ఉండి సంఘం చేయగలిగినవి చాలా ఉన్నాయి. ఆ వ్యాపారి చేయి పట్టుకోవడం సంఘం వల్ల కాదు, దానికి ప్రభుత్వమే కావాలి.

మరి ప్రభుత్వం చేయకూడనిది ఏమిటంటే, మనస్సాక్షిలో వేలు పెట్టడం. మా బాప్టిస్టుల్లో థామస్ హెల్విస్ అని ఒకాయన 1612లో ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్‌కు రాశాడు, రాజు మనిషే గానీ దేవుడు కాడని, ప్రజల ఆత్మల మీద అతనికి అధికారం లేదని. తన వాళ్ల కోసమే అడగలేదు, యూదుల కోసం, ముస్లిముల కోసం కూడా అడిగాడు. జైల్లో వేశారు, కొన్నేళ్లకే చనిపోయాడు. 1874లో కాకినాడలో మొదలైన కెనడియన్ బాప్టిస్టు మిషన్ ద్వారా సువార్త విన్న కుటుంబాలు మావి. మా సంఘాల్లో ఎంతమందికి హెల్విస్ పేరు తెలుసు? మాకు నేర్పాల్సింది నేర్పకుండా, డిసెంబరు రాగానే, పండగకు ముందు జరిపే సెమీ క్రిస్మస్ సభల స్టేజీల మీద నాయకుల కోసం గంటన్నర ఎదురుచూడటం నేర్పారు. నాయకుడు రాగానే పాట మధ్యలో ఆపి శాలువా కప్పుతారు. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటిచ్చి, పేదవాణ్ణి కింద కూర్చోమనే సంఘాన్ని యాకోబు ఎంత గట్టిగా గద్దించాడో రెండో అధ్యాయంలో చదవండి.

పాస్టర్లకు ప్రభుత్వం నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ఇచ్చే పథకం వచ్చినప్పుడు కూడా నాకు మనసు ఒప్పలేదు. తీసుకున్న పేద సేవకుల్ని నేను తప్పు పట్టను. వాళ్ల ఇంట్లో పొయ్యి వెలగకపోతే ఆ తప్పు సంఘానికి ఇవ్వాల్సిన దశమభాగం, అంటే రాబడిలో పదో వంతు, ఎగ్గొట్టిన మనది. కానీ ఇశ్రాయేలు రాజు అహాబు భార్య యెజెబెలు బల్ల దగ్గర నాలుగు వందలమంది ప్రవక్తలు భోజనం చేసేవారని రాసి ఉంది. నాబోతు ద్రాక్షతోట కోసం అతన్ని చంపించినప్పుడు అహాబు ముందు నిలబడి అడిగింది మాత్రం ఏలీయా ప్రవక్త, ఆ బల్ల దగ్గర తిననివాడు.

అడగడం గురించి ఒక సంగతి. తుపానులో మా పిన్నమ్మ ఇల్లు కూలిపోయింది, అవును, చీపురు పడేసిన ఆవిడదే. నష్టపరిహారం లిస్టులో ఆవిడ పేరు లేదు. ఒక ఆఫీసులో గుమాస్తా ఐదు వందలిస్తే చూస్తానన్నాడు. నాన్న ఇవ్వనివ్వలేదు. అర్జీ రాయించి, స్టాంపు వేసిన రసీదు తీసుకుని, ఆవిడతో పాటు మూడు రోజులు ఆ ఆఫీసు బల్ల మీద కూర్చున్నారు. తర్వాత సమాచార హక్కు కింద లిస్టు కాపీ అడిగారు. "లోబడాలి కదా, అధికారులతో గొడవెందుకు?" అని సంఘంలో కొందరన్నారు. ఫిలిప్పీలో పౌలును విచారణ లేకుండా కొట్టి జైల్లో వేసి, తెల్లారాక చడీచప్పుడు లేకుండా పొమ్మన్నారు. పౌలు పోలేదు. నేను రోమా పౌరుణ్ణి, వాళ్లే వచ్చి బయటికి తీసుకెళ్లాలన్నాడు. రోమా 13 రాసిన మనిషే ఆయన. ఆవిడ పేరు లిస్టులో ఎక్కింది, డబ్బు కూడా వచ్చింది.

మా చర్చికి 2016లో శ్లాబు పడింది. కొత్త ఇల్లు కడితే పైన చుట్టూ పిట్టగోడ కట్టాలని, లేకపోతే ఎవరైనా పడి చస్తే ఆ రక్తదోషం ఇంటిమీదికి వస్తుందని ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయంలో ఉంది. నాన్న టేపు పెట్టి నాలుగు వైపులా కొలిపించి మరీ మూడున్నర అడుగులు కట్టించారు. మా వీధి చివర ఒక మూడంతస్తుల బిల్డింగుకు మాత్రం ఇప్పటికీ పిట్టగోడ లేదు. సాయంత్రాలు పిల్లలు దాని మీదే గాలిపటాలు ఎగరేస్తారు. ఓనరును రెండుసార్లు అడిగాను, వినలేదు. సోమవారం అర్జీలు తీసుకునే చోట ఒకసారి ఇచ్చి వచ్చాను, రసీదు నా పర్సులో ఉంది. వచ్చే సోమవారం ఫొటోలు తీసుకుని మళ్లీ వెళ్తున్నాను.