సారె ఎక్కే ముందు గుమ్మడికాయని చూడు

చిరంజీవి చిన్నికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. కప్పులు సన్నగా, తేలిగ్గా వచ్చినట్టున్నాయి. కుమ్మరి సారె మీద చెయ్యి బాగా కుదిరింది. వాటి మీద చెక్కిన ఆకులూ తీగలూ మాత్రం నాకు నచ్చలేదు. ప్రకృతి నుంచి ఇంకా ఏం తీసుకోవచ్చని అడిగావు గనక చెబుతున్నాను. ఆకు బొమ్మ తీసుకోవడం కొన్నాళ్ళు మానేసెయ్. ఆకైనా కాయైనా ఆ రూపానికి ఎలా వచ్చిందో గమనించు.

తీపి గుమ్మడికాయ సంగతే చూడు. చాలామంది కుండ కాస్త ఆరాక బయట నిలువు గీతలు చెక్కి గుమ్మడికాయ అనేస్తారు. అది గీతలున్న కుండగానే మిగిలిపోతుంది. కాయకి గాడి ఎవరూ చెక్కలేదు కదా! గాడి దగ్గర బిగువుగా ఉండి, మధ్యలో లోపల్నుంచి ఉబ్బింది. నువ్వూ అలాగే చెయ్యి. కుండ సారె మీద ఉండగానే, మట్టి మెత్తగా ఉన్నప్పుడే, గుండ్రటి పుల్లతో బయట కింద నుంచి పైకి నొక్కుతూ రా. తర్వాత తడి వేలు లోపల పెట్టి, రెండు గాడుల మధ్య భాగాన్ని మెల్లగా బయటికి తొయ్యి. తొడిమ దగ్గర గాడులన్నీ ఒకచోటికి చేరి లోతవుతాయి, నడుము దగ్గర ఎడమై పలచబడతాయి. ఆ తేడా నీ కుండలోనూ కనబడాలి. అందుకే ముందు సంతకెళ్ళి ఒక కాయ తెచ్చుకో. పై నుంచీ పక్క నుంచీ బొమ్మలు గీసుకో. కూరకి తరిగేటప్పుడు అడ్డంగా కోసి, లోపల గుజ్జు ఎక్కడ మందంగా ఉందో చూసుకో. ఆ తర్వాతే మట్టి ముట్టుకో.

కిటికీ మూలల్లో ఒక రకం కందిరీగ చిన్న ముంతలాంటి మట్టిగూడు కడుతుంది, చూశావా? తడిమట్టి ఉండలు తెచ్చి అంచు చుట్టూ అతుకుతూ పోతుంది, చివర్లో మెడ కట్టి అంచుని బయటికి తిప్పుతుంది. చేత్తో కట్టే కుండకి అంతకన్నా మంచి పాఠం నాకు తెలీదు.

ఆకు అచ్చు మీద అంత ఇష్టముంటే టేకాకు తీసుకో. ఈనెలు ఉబ్బెత్తుగా ఉండేది వెనకవైపే, అదే మట్టికి ఆనించి అప్పడాలకర్రతో ఒత్తి, తొడిమ పట్టుకుని ఒలిచెయ్. అచ్చు పడ్డ పలకని ఎండలోనూ ఫ్యాను కిందా పెట్టకు, అంచులు ముందు ఆరి వంకర తిరుగుతాయి. పాలిథిన్ కప్పి నిదానంగా ఆరనివ్వు. స్టోన్‌వేర్ అనే, ఎక్కువ వేడికి కాల్చే మట్టి పచ్చిగా ఉన్నప్పటి నుంచి కాలేసరికి దాదాపు 10 నుంచి 12 శాతం కుంచించుకుపోతుంది, కాబట్టి అనుకున్నదానికన్నా పెద్దదే చెయ్యి.

ఇక గ్లేజు, అంటే కాల్చినప్పుడు కరిగి గాజులా అంటుకునే పూత. చెట్టుని కుండ మీదికి నిజంగా తెచ్చేది బూడిదే. జల్లించిన కట్టె బూడిద 40 పాళ్ళు, ఫెల్డ్‌స్పార్ అనే రాతి పొడి 40, బాల్ క్లే అనే మెత్తటి జిగురు మట్టి 20 కలిపి మొదలుపెట్టు. ఫెల్డ్‌స్పార్ మన రెండు రాష్ట్రాల్లోనూ దొరుకుతుంది, బాల్ క్లే ద్వారకా తిరుమల వైపుది వాడుకోవచ్చు. 1280 డిగ్రీల దగ్గర కట్టె బూడిదలోని సున్నం మిగతావాటిని కరిగించి, వాన నీళ్ళలా చారలుగా కారేటట్టు చేస్తుంది. రైసుమిల్లు ఊక బూడిదైతే దాదాపు అంతా సిలికానే (ఇసుకలో ఉండేదే), దానంతటది కరగదు, గ్లేజులో కలిపితే పాలలాంటి తెలుపు ఇస్తుంది. తుమ్మ బూడిద ఇచ్చిన రంగే చింత బూడిద ఇస్తుందనుకోకు. ప్రతిదానికీ చిన్న పలక ముక్క కాల్చి, వెనక నంబరు వేసుకో. గ్లేజు కారితే కిల్న్ (కాల్చే బట్టీ) లోపలి అర పాడవకుండా ముక్క కింద పాత పెంకు పెట్టు. తడి బూడిద చర్మాన్ని తినేస్తుంది, గ్లవ్స్ తప్పనిసరి.

ఇంకొకటి, దీనిమీద నాతో వాదించకు: పనిగదిని పొడి చీపురుతో ఊడవొద్దు. మట్టి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే మళ్ళీ బయటికి రాదు. తడిగుడ్డతో తుడువు, పొడులు కలిపేటప్పుడు మంచి మాస్కు పెట్టుకో.

వీలైతే ఒకసారి పాండిచ్చేరి వెళ్ళు. 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ అనే కుండల కళాకారులు అక్కడ గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ అనే కుండల పనిశాల పెట్టారు. మన దేశంలో స్టోన్‌వేర్ చేసే ఎందరో అక్కడ నేర్చుకున్నవాళ్ళే. వాళ్ళ పని కనబడితే అడిగి, కుండ చేతిలోకి తీసుకుని అడుగు తిప్పి చూడు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ పలక ముక్కలన్నీ పట్టుకురా. కారిపోయినవి కూడా. ఏది ఏ బూడిదతో చేశావో రాసిన పుస్తకం మర్చిపోకు.

నీ పెద్దమ్మ