కొండెక్కితే చాలా, దిగి కూడా రావాలా? మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల ఇదే పేజీలో వరల్డ్ మౌంటెన్ రన్నింగ్ చాంపియన్‌షిప్స్ గురించి నాలుగు లైన్లు రాశా, ఆస్ట్రియాకి చెందిన ఆండ్రియా మైర్ అనే డాక్టరమ్మ 43 ఏళ్ల వయసులో 2023లో ఏడోసారి గెలిచిందని, అంతే. దానికే ఇన్ని ఉత్తరాలు వచ్చాయి, నిజంగా చాలా సంతోషంగా ఉంది. అన్నిటికీ జవాబివ్వడం కుదరదు కాబట్టి ఒకేలా ఉన్నవి కలిపేసి ఇక్కడ ఇస్తున్నా.

ప్రశ్న: కొండల మీద పరుగు పందేనికి ప్రపంచ పోటీలున్నాయని మీరు రాస్తేనే తెలిసింది. ఇది ఎప్పుడు మొదలైంది, ఎవరు పెట్టారు? (ఒక పాఠకుడు, ఖమ్మం)

జవాబు: కొత్తదేం కాదండి, నలభై ఏళ్లు దాటింది. 1984లో యూరప్‌లో కొన్ని దేశాల వాళ్లు కూర్చుని ఒక ఇంటర్నేషనల్ కమిటీ పెట్టుకున్నారు, అదే తర్వాత వరల్డ్ మౌంటెన్ రన్నింగ్ అసోసియేషన్ అయింది. ఆ మరుసటి ఏడాదే, 1985లో, ఇటలీ ఉత్తరాన డోలమైట్స్ కొండల్లో సాన్ విజిలియో దీ మరెబ్బే అనే చిన్న ఊళ్లో మొదటి పోటీ జరిగింది. అప్పట్లో చాంపియన్‌షిప్ అనే పేరు లేదు, చాలా ఏళ్లు వరల్డ్ ట్రోఫీ అనే పిలిచారు. అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య గుర్తింపుతో 'ప్రపంచ చాంపియన్‌షిప్' అన్న పేరు వచ్చింది 2009లో, అది కూడా ఇటలీలోనే, మదేజిమోలో. అంటే 24 ఏళ్ల పాటు ట్రోఫీ పేరుతోనే నడిచిందన్నమాట. కానీ అప్పుడు గెలిచినవాళ్లు ఎందులోనూ తక్కువ కాదు, వాళ్లని కూడా ప్రపంచ చాంపియన్లుగానే లెక్కేస్తారు, లెక్కేయాలి కూడా.

మొదట్లో యూరప్ దాటలేదు. ఇటలీ, స్విట్జర్లాండ్, ఇంగ్లండ్‌లో కెస్విక్, ఫ్రాన్స్, ఆస్ట్రియా, ఇలా వాళ్లలో వాళ్లే తిప్పుకున్నారు. 1998లో హిందూ మహాసముద్రంలో ఉన్న రీయూనియన్ దీవికి వెళ్లింది, 1999లో మలేసియాలో కోట కినబాలు, 2003లో అలాస్కా, 2005లో న్యూజిలాండ్‌లో వెల్లింగ్టన్. అక్కణ్నుంచి ఇది నిజంగా ప్రపంచ పోటీ అయిందని నా అభిప్రాయం.

ప్రశ్న: కొండెక్కడం వరకేనా, దిగడం కూడా ఉంటుందా? మా ఇంట్లో దీని మీద పెద్ద వాదనే జరిగింది. (ఒక గృహిణి, విజయనగరం)

జవాబు: అమ్మా, మీ ఇంట్లో జరిగిన వాదనే ఈ పోటీ చరిత్రంతా జరిగింది! అందుకే దీనికి కాస్త ఎక్కువ చోటు ఇస్తున్నా.

బ్రిటన్‌లో కొండ పరుగుని ఫెల్ రన్నింగ్ అంటారు, అక్కడ కొండ మీదికి పరిగెత్తి మళ్లీ కిందికి రావాల్సిందే, గ్రాస్మియర్‌లో 19వ శతాబ్దం నుంచీ అదే పద్ధతి. స్కాట్లాండ్‌లో బెన్ నెవిస్ అని 1345 మీటర్ల కొండ ఉంది, బ్రిటన్‌లో అదే అన్నిటికంటే ఎత్తు, దాని మీదికి టైం లెక్కపెట్టి పరిగెత్తడం 1895లోనే మొదలైంది. చాలా ఫెల్ పందేల్లో దారి కూడా గీసి ఉండదు, ఫలానా చోట్ల చెక్ పాయింట్లుంటాయి, వాటి మధ్య ఎటు నుంచి పోతావో నీ ఇష్టం. ఆల్ప్స్ వాళ్లది వేరే అలవాటు. అక్కడ లోయలో ఊరి దగ్గర మొదలుపెట్టి పైన ఏ విడిది గుడిసె దగ్గరో ఆపేసే పందేలు ఎక్కువ, ఎక్కడమే అసలు పరీక్ష, కిందికి కేబుల్ కార్‌లో వచ్చేయొచ్చు.

మరి ఈ రెండు రకాల వాళ్లనీ ఒకే పోటీలో నిలబెట్టాలంటే ఏం చేయాలి? ఒక ఏడాది కేవలం ఎక్కుడు, మరుసటి ఏడాది ఎక్కి దిగుడు అని వంతులు పెట్టుకున్నారు. సరిసంఖ్య ఏళ్లలో ఎక్కుడు, బేసిసంఖ్య ఏళ్లలో ఎక్కుడు దిగుడు రెండూ. ఇది నాకు చాలా నచ్చిన విషయం, ఎవరి పద్ధతి గొప్పదని తేల్చకుండా ఇద్దరికీ చోటిచ్చారు.

ఈ రెండూ ఎంత వేరో మనకి తెలియంది కాదు. నేను అలిపిరి నుంచి 3550 మెట్లూ ఎక్కా చాలాసార్లు. ఎక్కేటప్పుడు రొప్పు వస్తుంది, గుండె దడదడలాడుతుంది, మోకాళ్ల పర్వతం దగ్గర చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని ఒక్కో మెట్టూ నొక్కుకుంటూ పోతాం. కానీ ఒకసారి దర్శనం అయ్యాక నడిచే దిగొచ్చా, ఆయాసం అనేదే లేదు, తీరా పొద్దున లేచి మంచం దిగబోతే తొడలు వణికిపోయాయి, మూడు రోజులు కుర్చీలో కూర్చోవాలన్నా గోడ పట్టుకోవాల్సి వచ్చింది. ఎందుకంటే దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే బ్రేక్ వేయాలి, ప్రతి అడుగుకీ మన ఒళ్లంతా దాని మీదే పడుతుంది. ఎక్కడానికి ఊపిరి, గుండె కావాలి, దిగడానికి ఆ బ్రేక్ వేసే బలం, పాదం ఎక్కడ పడుతుందో ముందే చూసే కన్ను, ఇంకా ధైర్యం. ఒకే మనిషిలో రెండూ ఉండటం అరుదు.

నిటారుగా పాకాల్సిన పని మాత్రం ఉండదండోయ్, తాళ్లతో ఎక్కడం లాంటివి ఉండవు. రూల్ ప్రకారం సగటు వాలు కిలోమీటరుకి 50 మీటర్లకి తగ్గకూడదు, 250 మీటర్లు దాటకూడదు, పరిగెత్తడానికి వీలుండాలి అని.

ప్రశ్న: ఇప్పటిదాకా అందరికంటే గొప్ప రన్నర్ ఎవరు? ఒక్క పేరు చెప్పండి. (డిగ్రీ విద్యార్థి, కర్నూలు)

జవాబు: ఒక్క పేరు చెప్పలేను తమ్ముడూ, రెండు చెప్తా. న్యూజిలాండ్ జొనాథన్ వయట్, ఇటలీ మార్కో దె గాస్పెరి. వీళ్లు గెలిచిన ఏళ్లు చూడు. 1997 దె గాస్పెరి, 1998 వయట్, 1999 దె గాస్పెరి, 2000 వయట్, 2001 దె గాస్పెరి, 2002 వయట్, 2003 దె గాస్పెరి, 2004 వయట్. ఎనిమిదేళ్లు మూడోవాడికి చోటే లేదు! పైన చెప్పిన వంతుల పద్ధతి గుర్తుందిగా, సరిసంఖ్య ఏడాది ఎక్కుడు కాబట్టి వయట్‌ది, బేసి ఏడాది దిగుడు కూడా ఉంటుంది కాబట్టి దె గాస్పెరిది. ఒకడు ఎక్కుడు రాజు, ఇంకొకడు దిగుడు రాజు.

ఆ లెక్క తప్పింది 2005లో. ఆ ఏడాది ఎక్కి దిగాలి, అంటే లెక్క ప్రకారం దె గాస్పెరి ఏడాది, కానీ పోటీ జరిగింది వెల్లింగ్టన్‌లో, వయట్ సొంత దేశంలో, సొంత జనం మధ్య, అక్కడ వయట్ గెలిచేశాడు. నన్నడిగితే ఆయన ఆరు టైటిళ్లలో (చివరిది 2008) అదే గొప్పది, తనది కాని పద్ధతిలో గెలిచాడు కాబట్టి. తర్వాత ఆయనే ఆ అసోసియేషన్‌కి ప్రెసిడెంట్ కూడా అయ్యాడు.

ఆడవాళ్లలో అయితే ఆలోచించాల్సిన పనే లేదు, మైర్. 2006 నుంచి 2016 దాకా ఏడాది విడిచి ఏడాది ఆరుసార్లు, అన్నీ సరిసంఖ్య ఏళ్లే, అన్నీ ఎక్కుడే. న్యూయార్క్ ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ మెట్ల పరుగు కూడా గెలిచిన మనిషి ఆవిడ, 86 అంతస్తులు, 1576 మెట్లు. ఆవిడ కంటే ముందు ఫ్రాన్స్ ఇసబెల్ గియో, ఆస్ట్రియా గుడ్రున్ ఫ్లూగర్ చెరో నాలుగుసార్లు గెలిచారు. ఫ్లూగర్ తర్వాత కెనడా అడవుల్లో తోడేళ్ల మీద పరిశోధన చేసింది.

రెండు రకాల్లోనూ గెలిచిన ఇంకొకాయన్ని కూడా చెప్పాలి, అమెరికా జో గ్రే, 2016లో బల్గేరియాలో ఎక్కుడు, 2019లో అర్జెంటీనాలో ఎక్కుడు దిగుడు.

ప్రశ్న: కెన్యా, ఇథియోపియా వాళ్లు మారథాన్‌లన్నీ గెలుస్తారు కదా, ఇందులో లేరా? (రిటైర్డ్ పీఈటీ, జగిత్యాల)

జవాబు: మాస్టారూ, ఇందులో ఎక్కువగా వినబడేది ఉగాండా పేరు. 2009లో చాంపియన్‌షిప్ అని పేరు మారిన మొదటి ఏడాదే ఉగాండా జెఫ్రీ కుసురో గెలిచాడు, మరుసటి ఏడాది స్లొవేనియాలో ఎరిత్రియా అతను. అప్పటిదాకా ఇది ఇటలీ వాళ్ల ఇంటి పండగలా ఉండేది, ఒక్కసారిగా మారిపోయింది. ఉగాండా తూర్పున కెన్యా సరిహద్దులో ఎల్గాన్ అని పెద్ద కొండ ఉంది, దాని వాలు మీద కప్చోర్వా, బుక్వో లాంటి ఊళ్లున్నాయి, ఆ దేశం దూరపు పరుగు వాళ్లు చాలామంది అక్కడి వాళ్లే. ఎత్తులో పుట్టి పెరిగి, వాలు మీదే నడక నేర్చినవాళ్లు. కెన్యా నుంచి లూసీ మురిగి 2017, 2018లో వరసగా గెలిచింది.

మీరు పీఈటీగా పనిచేశారు కాబట్టి ఈ సంగతి మీకు బాగా నచ్చుతుంది. ఈ కొండ పోటీ నుంచి ట్రాక్‌కీ రోడ్డుకీ వెళ్లిన పిల్లలున్నారు. స్టెల్లా చేసాంగ్ 2015లో వేల్స్‌లో కొండ చాంపియన్, 2018 కామన్వెల్త్ గేమ్స్‌లో 10000 మీటర్ల గోల్డ్. విక్టర్ కిప్లంగాట్ 2017లో ఇటలీలో ప్రెమానాలో పెద్దవాళ్ల పందెం గెలిచినప్పుడు వయసు 17, అదే పిల్లాడు 2022 కామన్వెల్త్ మారథాన్‌లో మధ్యలో దారి తప్పి మళ్లీ వెనక్కొచ్చి కూడా గెలిచాడు, 2023లో బుడాపెస్ట్‌లో ప్రపంచ మారథాన్ చాంపియన్ అయ్యాడు.

ప్రశ్న: పారిస్ ఒలింపిక్స్ అయ్యాక ఉగాండా రన్నర్‌ని పెట్రోల్ పోసి చంపారని వార్త చదివాను. ఆవిడ కూడా కొండ రన్నరేనా? (ఒక పాఠకురాలు, డాలస్)

జవాబు: అవునండి. రెబెకా చెప్తెగై. 2022 నవంబర్‌లో థాయ్‌లాండ్ చియాంగ్ మాయ్‌లో ఎక్కుడు దిగుడు పందెంలో ఆవిడే ప్రపంచ చాంపియన్. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్ మారథాన్‌లో 44వ స్థానం, మూడు వారాలు గడిచాయో లేదో కెన్యాలో ఆవిడ ఇంటి దగ్గరే మాజీ భాగస్వామి పెట్రోల్ పోసి నిప్పంటించాడు, సెప్టెంబర్ 5న ఎల్డోరెట్ ఆస్పత్రిలో చనిపోయింది. 33 ఏళ్లు. వార్తల్లో చాలాచోట్ల 'ఒలింపిక్ మారథాన్ రన్నర్' అనే రాశారు, ప్రపంచ చాంపియన్ అని రాసినవాళ్లు తక్కువ. అందుకే ఇక్కడ రాస్తున్నా, ఆవిడ ప్రపంచ చాంపియన్.

ప్రశ్న: ఇప్పుడు కూడా వంతుల పద్ధతేనా? (పై గృహిణి గారి ఇంకో ప్రశ్న)

జవాబు: లేదమ్మా. 2020లో స్పెయిన్ లాంజరోటె దీవిలో జరగాల్సింది కరోనా వల్ల రద్దయింది, 2021లో జరగాల్సిన చియాంగ్ మాయ్ పోటీ వాయిదాలు పడుతూ 2022 నవంబర్‌కి వచ్చింది. ఈలోపు దీన్నీ ట్రైల్ రన్నింగ్ (అంటే అడవుల్లో, కొండల్లో కాలిబాటల మీద దూరపు పరుగు) ప్రపంచ పోటీనీ కలిపేశారు. ఇప్పుడు రెండేళ్లకోసారి, ఒకే చోట, ఎక్కుడు వేరే రోజు, ఎక్కుడు దిగుడు వేరే రోజు, ఇవి కాక నలభై, ఎనభై కిలోమీటర్ల ట్రైల్ పందేలు. 2023లో ఇన్స్‌బ్రుక్ దగ్గర, 2025లో స్పెయిన్ కాన్‌ఫ్రాంక్‌లో జరిగాయి. మీ ఇంట్లో ఇద్దరూ గెలిచినట్టే.

మైర్ ఏడో టైటిల్ కూడా ఈ మార్పు వల్లే వచ్చింది, 2023 బేసిసంఖ్య ఏడాది కదా, పాత పద్ధతైతే ఆవిడకి కావాల్సిన ఎక్కుడు పందెం ఆ ఏడాది ఉండేదే కాదు. ఏడు కిలోమీటర్ల చిల్లర దూరంలో వెయ్యి మీటర్ల ఎత్తు ఎక్కింది, సొంత దేశంలో.

ప్రశ్న: మా అమ్మాయికి 16 ఏళ్లు, స్కూల్లో 3000 మీటర్లు పరిగెత్తుతుంది, మా ఊరి గుట్ట మీదికి రోజూ పోతానంటోంది. పంపమంటారా? (ఒక తండ్రి, పాడేరు)

జవాబు: పంపండి, తోడుగా ఎవరైనా ఉండేలా చూడండి. ప్రపంచ పోటీల్లో అండర్ 20 విభాగం ఉంది, కాబట్టి ఆ అమ్మాయి వయసువాళ్లు అక్కడ పరిగెత్తుతున్నారు. ఒక్క మాట మాత్రం వినండి, మొదటి రెండు మూడు నెలలు పైకి పరిగెత్తినా కిందికి నడిచే రానివ్వండి. ఆ తర్వాత దిగుడు మెల్లగా మొదలుపెట్టాలి, మెత్తటి మట్టి దారి మీద, చిన్న చిన్న అడుగులు, ఒళ్లు వెనక్కి వాల్చకుండా, చూపు కాళ్ల దగ్గర కాకుండా నాలుగైదు అడుగుల ముందు. వాన పడ్డ రోజు రాళ్ల మీద దిగొద్దని చెప్పండి. మోకాలి చిప్ప కింద నొప్పి అంటే రెండు రోజులు ఆపేయండి, ఓర్చుకోమని అనకండి. ఆర్నెల్లయ్యాక ఎక్కడం ఎక్కువ నచ్చుతోందా దిగడం నచ్చుతోందా అని అడిగి నాకు ఒక ఉత్తరం రాయండి.