33 డాలర్ల గ్యాస్‌కి 71 కట్ అయింది, స్టేషన్ బ్యాంక్‌ని చూపిస్తోంది, బ్యాంక్ స్టేషన్‌ని చూపిస్తోంది. ఏం చేయాలి?

ప్రశ్న: టెక్సస్‌లో ఎమ్మెస్ చదువుతున్నాను. నా కరోలా కారులో గ్యాస్ (పెట్రోల్) కొట్టుకుంటే పంప్ మీద 33.11 డాలర్లు చూపించింది, ఫోటో ఉంది. రసీదు రాలేదు, క్యాషియర్‌ని కలవమని స్క్రీన్ మీద వచ్చింది. డెబిట్ కార్డు మీద ముందు 175 పడింది, రెండు రోజుల తర్వాత అది పోయి 71.48 వచ్చింది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు తోసేస్తున్నారు.

జవాబు:

ముందు ఆ 175 సంగతి వదిలేయండి. అది ఛార్జ్ కాదు, హోల్డ్. కార్డు పెట్టేసరికి మీరెంత కొట్టుకుంటారో పంప్‌కి తెలియదు కాబట్టి, ఒక పెద్ద మొత్తాన్ని ముందే పక్కన పెట్టమని బ్యాంక్‌ని అడుగుతుంది. వీసా, మాస్టర్‌కార్డ్ ఈ పరిమితిని 2022లో 125 నుంచి 175 డాలర్లకి పెంచాయి. కొన్ని స్టేషన్లు ఒక్క డాలరే పెడతాయి. అసలు మొత్తం చేరగానే హోల్డ్ పోవాలి. కొన్నిచోట్ల గంటల్లో పోతుంది, కొన్నిచోట్ల మూడు నాలుగు రోజులు పడుతుంది. ‘పెండింగ్’ అని ఉన్నంతసేపు బ్యాంక్ డిస్ప్యూట్ (ఛార్జ్ తప్పని ఫిర్యాదు) తీసుకోదు, అక్కడ అరిచి లాభం లేదు. అకౌంట్‌లో రెండొందలే ఉండి, అదే రోజు అద్దె చెక్కు పడేది ఉంటే మాత్రం ఈ హోల్డ్ దెబ్బ కొడుతుంది. అలాంటప్పుడు లోపలికి వెళ్ళి ‘మూడో నంబర్ పంప్ మీద ముప్ఫై’ అని చెప్పి ముందే కట్టేయడం మేలు, అప్పుడు ముప్ఫైకే అడుగుతారు.

మీ అసలు గొడవ 71.48. అది ‘పోస్టెడ్’ అయింది, అంటే ఖాయంగా కట్ అయింది కాబట్టి ఇప్పుడు పోరాడొచ్చు. ఫోన్ ఎత్తే ముందు ఆ తేడా ఎక్కడ పుట్టిందో తేల్చుకోండి. రసీదు రాలేదంటే చాలాసార్లు పంప్‌లో పేపర్ రోల్ అయిపోయి ఉంటుంది, అంతే. లోపల కౌంటర్ దగ్గర ఆ లావాదేవీ కాపీ తీసి ఇవ్వగలరు. పంప్ నంబర్, టైమ్, కార్డు చివరి నాలుగు అంకెలు చెప్పి, ‘డబ్బు ఇవ్వండి’ అనకుండా ‘రసీదు మళ్ళీ ప్రింట్ చేసివ్వండి’ అని అడగండి. డబ్బు అడిగితే క్లర్క్ బ్యాంక్‌కి పొమ్మంటాడు, రసీదు అడిగితే ఇచ్చేస్తాడు. మేనేజర్ ఉండే టైమ్‌లో, అంటే వారం మధ్యలో పగలు వెళ్ళండి. కెమెరా రికార్డింగ్ చూడాల్సి వస్తే ఆలస్యం చేయొద్దు, పాతదాని మీద కొత్తది ఎక్కిపోతుంది.

ఆ కాపీలో గ్యాలన్లు చూడండి. మీ ఫోటోలో గ్యాలన్ ధర 2.899 అయితే 33.11కి 11.42 గ్యాలన్లు. అదే ధరకి 71.48 అంటే 24.66 గ్యాలన్లు. కరోలా ట్యాంక్ 13.2 గ్యాలన్లది. అన్ని గ్యాలన్లు అందులో పట్టవు. మీ దగ్గరున్న సాక్ష్యాల్లో ఇంత గట్టిది ఇంకోటి లేదు, కారు మాన్యువల్‌లో ట్యాంక్ కెపాసిటీ ఉన్న పేజీ ఫోటో తీసి పెట్టుకోండి. ఇలా జరగడానికి మామూలు కారణం నాజిల్ సరిగ్గా తగిలించకపోవడం. లావాదేవీ మూసుకోదు, తర్వాత వచ్చినవాడు మీ కార్డు మీదే కొట్టుకుంటాడు. ‘నేను పెడతాలే బ్రదర్’ అని నాజిల్ అందుకుని, మీరు కదలగానే పక్క కారుకి పట్టించే ముఠాలు కూడా ఉన్నాయి. కాపీలో 11.42 గ్యాలన్లే ఉండి పక్కన కార్‌వాష్ లాంటి ఇంకో లైన్ కనిపిస్తే, స్క్రీన్ మీద అడిగిన ప్రశ్నకి ‘యెస్’ నొక్కారని అర్థం. అది బ్యాంక్ తప్పు కాదు, వాష్ కోడ్ వాడకపోతే మేనేజర్‌నే రద్దు చేయమనండి. క్యాష్ ధర, కార్డు ధర వేరుగా ఉండి గ్యాలన్‌కి పది సెంట్లు ఎక్కువ పడటం కూడా డిస్ప్యూట్‌కి పనికిరాదు, బోర్డు మీద రాసే ఉంటుంది.

బోర్డు మీదున్న పెద్ద కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే పెద్దగా ఒరిగేదేమీ లేదు. చాలా స్టేషన్లు విడి యజమానులవి, పేరు మాత్రమే కంపెనీది. వాళ్ళు ఫిర్యాదు రాసుకుని తిరిగి ఆ యజమానికే పంపుతారు.

ఇక బ్యాంక్. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. ఫోన్‌లో అవతలివాళ్ళు మొదట అడిగేది: ఈ లావాదేవీ మీరు చేశారా? కోపంలో ‘లేదు’ అంటే కేసు ఫ్రాడ్ కింద పడుతుంది. కార్డు రద్దవుతుంది, కొత్తది పోస్టులో వచ్చేదాకా ఆగాలి. ఆ తర్వాత మీ చిప్, మీ పిన్, మీ ఇంటి దగ్గర స్టేషన్ చూసి ‘ఇది మీరే చేశారు’ అని మూసేస్తారు. మీరు చెప్పాల్సింది: ‘కొనుగోలు నాదే. మొత్తం తప్పు. 33.11 నాది, మిగతా 38.37 నాది కాదు.’ కేటగిరీ ‘తప్పు మొత్తం’. వీసాలో దీని కోడ్ 12.5. ఒకే కొనుగోలు రెండుసార్లు పడితే అది వేరే కేసు, 12.6.1. యాప్‌లో డిస్ప్యూట్ బటన్ ఉన్నా, మొత్తం 71.48 కాకుండా 38.37 మాత్రమే టైప్ చేయండి. మొత్తానికి డిస్ప్యూట్ వేస్తే స్టేషన్ మీ రసీదు చూపించి తేలిగ్గా గెలుస్తుంది.

డెబిట్ కార్డుకి వర్తించేది రెగ్యులేషన్ ఈ అనే ఫెడరల్ నిబంధన. ఆ తప్పు కనిపించిన స్టేట్‌మెంట్ పంపిన రోజు నుంచి 60 రోజుల్లోగా చెప్పాలి. నోటితో చెప్పినా చెల్లుతుంది, కానీ రాతపూర్వకంగా పంపమని బ్యాంక్ అడగొచ్చు. పది పనిదినాల్లో మీ రాత అందకపోతే, విచారణ సాగినంత కాలం తాత్కాలికంగా డబ్బు వేయాల్సిన బాధ్యత వాళ్ళకి ఉండదు. చాలామంది ఆ కాగితాన్ని మెయిల్‌లో చూసి పక్కన పడేస్తారు. బ్యాంక్‌కి గడువు పది పనిదినాలు. అప్పటికి తేలకపోతే తాత్కాలిక క్రెడిట్ ఇచ్చి విచారణ కొనసాగించాలి. స్టోర్‌లో, పంప్ దగ్గర డెబిట్ కార్డుతో చేసినవాటికి అది 90 రోజుల దాకా సాగొచ్చు. కొత్తగా వచ్చిన విద్యార్థులు ఒకటి గమనించాలి: అకౌంట్‌లో మొదటి డిపాజిట్ పడి 30 రోజులు దాటకముందు జరిగిన లావాదేవీకి ఆ పది కాస్తా ఇరవై పనిదినాలవుతుంది. తాత్కాలిక క్రెడిట్ రాగానే గెలిచామనుకుని ఖర్చు పెట్టేయొద్దు, విచారణలో ఓడితే వెనక్కి తీసుకుంటారు.

ఇదే పని క్రెడిట్ కార్డుతో జరిగుంటే దారి కాస్త సుఖం, డబ్బు మీ అకౌంట్‌లోంచి పోలేదు కాబట్టి. ఫెయిర్ క్రెడిట్ బిల్లింగ్ చట్టం ప్రకారం 60 రోజుల్లోపు రాతపూర్వకంగా, బిల్లు కట్టే చిరునామాకి కాకుండా స్టేట్‌మెంట్ మీద ‘బిల్లింగ్ ఎంక్వయిరీస్’ అని విడిగా ఉండే చిరునామాకి పంపాలి. వాళ్ళు 30 రోజుల్లో అందిందని చెప్పాలి, రెండు బిల్లింగ్ సైకిళ్ళలో, 90 రోజులు మించకుండా తేల్చాలి. ఈలోపు గొడవలో ఉన్న మొత్తాన్ని కట్టక్కర్లేదు, మిగతాది మాత్రం కట్టాలి.

మీ విషయంలో బలహీనత ఒకటుంది. నాజిల్ సరిగ్గా తగలక అంతా ఒకే అమ్మకంగా నమోదైతే, పంప్ రికార్డు స్టేషన్ పక్షానే మాట్లాడుతుంది. అందుకే ట్యాంక్ లెక్క, 33.11 ఫోటో, అది తీసిన టైమ్, కాపీలో అమ్మకం ముగిసిన టైమ్ నాలుగూ ఒకే పేజీలో పెట్టండి. ఫోటో 6:12కి, అమ్మకం ముగిసింది 6:31కి అయితే, మధ్యలో మీ కారు అక్కడ లేదని గూగుల్ మ్యాప్స్ టైమ్‌లైన్ కూడా చెప్పగలదు, మీ ఫోన్‌లో అది ఆన్ చేసి ఉంటే.

పంప్ గ్యాలన్లే తప్పుగా కొలుస్తోందని అనుమానమైతే అది బ్యాంక్ పని కాదు. టెక్సస్‌లో 2020 సెప్టెంబర్ నుంచి ఆ ఫిర్యాదులు చూసేది లైసెన్సింగ్ శాఖ, టీడీఎల్ఆర్ అంటారు. పంప్ పక్కనే వాళ్ళ స్టిక్కర్ ఉంటుంది. న్యూజెర్సీలో ఉన్నవాళ్ళకి ఇంకో మాట: అక్కడ గ్యాస్ మీరే కొట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు, కార్డు అటెండెంట్ చేతిలోకి వెళ్తుంది. అద్దం దింపే ఉంచి, రసీదు తీసుకుని కదలండి.

బ్యాంక్ మీ డిస్ప్యూట్ కొట్టేస్తే, ఆ నిర్ణయానికి ఆధారమైన పత్రాలు అడిగే హక్కు మీకుంది, ఉత్తరంలోనే ఆ మాట రాసి ఉంటుంది. అడగండి. స్టేషన్ పంపిన కాగితంలో 24.66 గ్యాలన్లు ఉంటే దాని పక్కన మాన్యువల్ పేజీ పెట్టి మళ్ళీ పంపండి, లాభం లేకపోతే అదే పీడీఎఫ్‌ని సీఎఫ్‌పీబీ (బ్యాంకుల మీద వినియోగదారుల ఫిర్యాదులు చూసే ఫెడరల్ సంస్థ) వెబ్‌సైట్‌లో ఫిర్యాదుకి జతచేయండి. అది సాధారణంగా బ్యాంక్‌ని 15 రోజుల్లో జవాబివ్వమంటుంది, ఆ జవాబు రాసేది కాల్ సెంటర్ వాళ్ళు కాదు.