మూడు రాత్రులు, శాకాహారం, అమ్మగారి మోకాళ్ల నొప్పి: పెరూలో ఏ లాడ్జ్?

అమ్మగారితో పెరూ అమెజాన్ అడవిలో మూడు రాత్రులుండాలి, చిలకలూ చూడాలి, కట్టిన డబ్బు ఊరివాళ్లకూ చేరాలి అన్నారు కాబట్టి, అక్కడి తాంబోపాటా ప్రాంతంలో పోసాదా అమెజోనాస్ అనే లాడ్జ్ మీకు సరిపోతుంది. ఇన్ఫియెర్నో అనే ఎసె ఎహా ఆదివాసుల ఊరు దాంట్లో భాగస్వామి, లాభాల్లో ఎక్కువ వాటా ఆ ఊరికే. మకావులనే పెద్ద రంగుల చిలకల గుంపులు కావాలంటే నది ఎగువన తాంబోపాటా రీసెర్చ్ సెంటర్ అనే లాడ్జ్ మేలే. కానీ పడవలో గంటల కొద్దీ కూర్చోవాలి. మూడు రాత్రులంటే చేతికొచ్చేది రెండు పూర్తి రోజులే, అందులో అదీ పోతే ఏం మిగులుతుంది?

బుక్ చేసేముందు ఒక్కటి గట్టిగా అడగండి: రేవు నుంచి గది దాకా మెట్లెన్ని, నడకెంత? అక్కడ వానలు తగ్గే నెలల్లో నది దిగిపోయి, ఒడ్డు ఎక్కడం ఎక్కువవుతుంది. అమ్మగారికి అసలు పరీక్ష అడవి కాదు, ఆ మెట్లే. గదికి అడవివైపు గోడ ఉండదు, ఏసీ ఉండదు, దోమతెరే దిక్కు. జూన్–ఆగస్టుల్లో దక్షిణపు చలిగాలి వీస్తే స్వెటర్ కావాలి. చిలకలు మట్టి తినడానికి నది ఒడ్డు గట్టుకు వస్తాయి, వానలో రావు, అందుకే రెండు ఉదయాలు ఉంచుకోండి.

భోజనం గురించి ‘వెజ్’ అని వదిలేయకండి. చేప, కోడి, మాంసం రసం కూడా వద్దని రాయండి.

ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. సర్టిఫికెట్ లేకుండా పెరూ నుంచి తిరిగొస్తే ఇక్కడ క్వారంటైన్‌లో పెట్టొచ్చు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. అమ్మగారికి 60 దాటితే ముందు డాక్టర్‌ని అడగండి.