జనవరి నీటిపక్షుల లెక్క అంతర్జాతీయ ఒప్పందాలకు ఎలా పనికొస్తుంది?

ఏటా జనవరిలో జరిగే నీటిపక్షుల గణన వల్ల ఎక్కడైనా ఒక చిత్తడి నేల బాగుపడిందా, లేక అది సరదాకి చేసే పనేనా అన్నది మీ ప్రశ్న. పనికొస్తుంది. కాకపోతే లెక్క తీసిన తీరు ఏటా ఒకేలా ఉండాలి. ఒక ఏడాది ఇద్దరు పొద్దున్నే, మరో ఏడాది పదిమంది మధ్యాహ్నం వెళ్తే, పక్షులు పెరిగాయో మనుషులు పెరిగారో ఎవరూ చెప్పలేరు.

ఆ అంకె ఎక్కడ అక్కరకొస్తుందో ముందు చూడండి. చిత్తడి నేలల రక్షణకు దేశాలు కుదుర్చుకున్న 1971 నాటి రామ్‌సర్ ఒప్పందంలో ఒక చోటుకు అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉందని తేల్చడానికి తొమ్మిది ప్రమాణాలున్నాయి. వాటిలో రెండు పూర్తిగా పక్షుల లెక్క మీద ఆధారపడ్డవే. అయిదో ప్రమాణం ప్రకారం 20,000 నీటిపక్షులు క్రమం తప్పకుండా రావాలి. ఆరో ప్రమాణం ప్రకారం ఒక జాతికి ఆ వలస మార్గంలో ఉన్న మొత్తం పక్షుల్లో 1 శాతం అక్కడ కనిపించాలి. మొత్తం 50,000 ఉన్న జాతికి 500 చాలు. కొన్ని వందలే మిగిలిన స్పూన్‌బిల్డ్ శాండ్‌పైపర్ అనే చిన్న తీరపక్షికైతే వేళ్ల మీద లెక్కించేన్ని కనబడినా ఆ గీత దాటినట్టే. అందుకే చిన్న అంకెల్ని చులకన చేయొద్దు.

క్రమం తప్పకుండా అన్న మాటకీ కొలత ఉంది. కనీసం మూడు సీజన్ల లెక్కలుండి వాటిలో మూడింట రెండు వంతుల్లో ఆ సంఖ్య దాటాలి, లేదంటే కనీసం అయిదేళ్ల గరిష్ఠ సంఖ్యల సగటు దాటాలి. ఒక్క ఏడాది గొప్ప లెక్కతో పని జరగదు. వలసలో మధ్యలో ఆగే చోట్లది ఇంకో చిక్కు. ఒక గుంపు వెళ్తుంటే ఇంకొకటి దిగుతుంది కాబట్టి ఏ ఒక్క రోజు చూసినా అసలు వాడకం కన్నా తక్కువే తేలుతుంది. ఆ మార్గంలోని దేశాలు, సంస్థలు కలిసి నడిపే తూర్పు ఆసియా ఆస్ట్రలేసియా వలస మార్గ భాగస్వామ్యం అలాంటి చోట్లకు 1 శాతం బదులు 0.25 శాతం సరిపోతుందని పెట్టుకుంది ఇందుకే.

ఇక లెక్క తీయడం. తీరంలో అయితే ఆటు వేళ వెళ్లకండి. నీళ్లు వెనక్కి తీశాక ఉల్లంకులు (నీటి అంచున, బురదలో మేసే పక్షులు) కిలోమీటర్ల మేర బురదలో చెల్లాచెదురుగా మేస్తుంటాయి, సగం కంటికే ఆనవు. పోటెక్కేకొద్దీ మేత నేల మునిగి, అన్నీ ఒక దిబ్బ మీదికో ఉప్పు మడుల్లోకో చేరతాయి. నిండు పోటుకు రెండు గంటల ముందే వెళ్లి కూర్చోవాలి. పక్షులు వాలాక నడిచి వెళ్తే గుంపంతా లేచిపోతుంది. అమావాస్య, పౌర్ణమి పోట్లు మేలనిపిస్తాయి గానీ, కొన్ని చోట్ల ఆ దిబ్బే మునిగి పక్షులు మీకు తెలియని చోటికి పోతాయి. ఏటా దాదాపు ఒకే ఎత్తు పోటున్న రోజు ఎంచుకోండి. సూర్యుడు వీపు వైపు ఉండాలి. ఎండ ముదిరితే బురద మీద గాలి తెరలు తెరలుగా ఆడి, టెలిస్కోపులో ముక్కు వంపు కూడా తేలదు.

పెద్ద గుంపులో ముందు ఒక అంచున పది పక్షుల్ని లెక్కపెట్టి, అవి పట్టిన మేరను కళ్లకు అలవాటు చేసుకోండి. దాన్ని వందకు పెంచి, ఆ వంద కొలతతో గుంపు మీదుగా జరగండి. మధ్యలో దట్టంగా ఉంటే కొలత మళ్లీ సరిచూసుకోవాలి. అలా చూసుకోకపోతే వేలల్లో ఉన్న గుంపు తక్కువగా నమోదవుతుంది. జాతులు కలిసుంటే ముందు మొత్తం, తర్వాత నిష్పత్తి. టెలిస్కోపును గుంపు ఈ కొస నుంచి ఆ కొస దాకా పది చోట్ల ఆపి, ప్రతిచోటా ఏ జాతి ఎన్నో రాసుకోవాలి. ఒకే పక్క చూస్తే దెబ్బతింటారు. పొడుగు కాళ్ల గాడ్విట్లు, కర్లూలు నీళ్లలో దిగి నిలబడితే చిన్నవి పొడి అంచున సర్దుకుంటాయి.

తెలియని పక్షికి బలవంతంగా పేరు పెట్టకండి, 'గుర్తించని చిన్న ఉల్లంకులు' అని రాస్తే చాలు. చెరువు ఎండి ఒక్క పక్షీ లేకపోతే ఫారంలో సున్నా వేసి పంపండి. పంపకపోతే ఆ ఏడాది ఎవరూ వెళ్లలేదని అనుకుంటారు, తగ్గుదల ఎక్కడా కనబడదు. ఎంత భాగం చూశారో, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా చూశారో, లెక్కించారో అంచనా వేశారో కూడా రాయాలి.

ఇలాంటి లెక్కల విలువ చైనా, కొరియాల మధ్య ఉన్న పసుపు సముద్రం దగ్గర తెలిసింది. దక్షిణ కొరియాలో 33 కిలోమీటర్ల సేమాంగం సముద్రపు గోడ 2006లో మూసుకుని, విశాలమైన బురద మైదానానికి పోటు అందకుండా పోయింది. వలసలో అక్కడ ఆగే గ్రేట్ నాట్ అనే ఉల్లంకులు పక్క తీరాలకు సర్దుకుంటాయని వాదించారు. పక్క తీరాల్లో అంతగా పెరగలేదు. వేల కిలోమీటర్ల అవతల ఆస్ట్రేలియా లెక్కల్లో మాత్రం సంఖ్య పడిపోయింది. ఒక దేశంలో జరిగిన నష్టానికి సాక్ష్యం ఇంకో దేశం నోటు పుస్తకాల్లో దొరికిందన్నమాట. తర్వాత చైనాలోని యాంచెంగ్ తీరం 2019లో, కొరియా బురద మైదానాలు 2021లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి, వలస పక్షుల ప్రాముఖ్యమే అందుకు పెద్ద ఆధారం.

ఒప్పందాలన్నీ ఒక్కలాంటివి కావు. ఆఫ్రికా, యురేషియా నీటిపక్షుల మీద 1995లో కుదిరిన ఒప్పందం సభ్య దేశాలను చట్టపరంగా కట్టిపడేస్తుంది. తూర్పు ఆసియా భాగస్వామ్యం స్వచ్ఛందం. 30 దేశాల మీదుగా సాగే మధ్య ఆసియా వలస మార్గానికి 2024లో ఉజ్బెకిస్తాన్‌లోని సమర్‌కండ్‌లో జరిగిన వలస జీవుల ఒప్పందం సమావేశంలోగానీ ప్రత్యేక కార్యక్రమం కుదరలేదు. ఏదైనా సరే, స్థానిక చట్టం తోడు లేకపోతే కాగితమే. నా లెక్కన అన్నిటికన్నా మామూలుగా జరిగే తప్పు సరిహద్దు గీయడంలో ఉంటుంది. మేత మేసే బురదను జాబితాలో చేర్చి, పోటు వేళ నిలబడే ఉప్పు మడుల్ని వదిలేస్తారు. మడులు పూడ్చేస్తే బురద మిగిలినా పక్షి మిగలదు. కాబట్టి మేత చోటు, విశ్రాంతి చోటు రెండూ మ్యాపులో విడివిడిగా గుర్తుపెట్టి పంపండి.

కాలికి రంగు జెండా (ఎక్కడ పట్టి వదిలారో తెలియడానికి తొడిగే చిన్న ప్లాస్టిక్ ముక్క) ఉన్న పక్షి కనబడితే, పై రంగు, కింది రంగు, ఏ కాలు, మోకాలిలా కనిపించే కీలుకు పైనా కిందా, అక్షరాలు ఉంటే అవి రాయండి. కుడి ఎడమలు పక్షివి, మీవి కావు. అక్షరాలు చదవలేకపోయినా పంపండి. ఆ మార్గంలో రంగుల జత ఒక్కో ప్రాంతానికి ఒక్కోటి కాబట్టి, జెండా ఎక్కడ తొడిగారో దాన్ని బట్టే తెలిసిపోతుంది.