570 సంగతి తర్వాత, ముందు ఏడులు, ఎనిమిదుల లెక్క చూడు

చిరంజీవి అమ్మడికి,

ఈ సీజన్‌లో ఎయిర్ పిస్టల్‌లో, 60 షాట్ల మ్యాచ్‌లో 600కి 570 కొట్టాలని రాసుకున్నావని మీ అమ్మ చెప్పింది. ఆ అంకె బరువెంతో ముందు తెలుసుకో. 2024 ప్యారిస్ ఒలింపిక్స్ క్వాలిఫికేషన్‌లో మను భాకర్ కొట్టింది 580. అక్కడే మగవాళ్లలో సరబ్‌జోత్ సింగ్ 577 కొట్టి కూడా ఫైనల్‌కి వెళ్లలేదు. ఫైనల్‌కి వెళ్లిన ఆఖరివాడు, ఎనిమిదో స్థానంలో ఉన్నతనిదీ 577నే, కాకపోతే ఒక్క ఇన్నర్ టెన్ (పది రింగులో మరీ నడిమధ్యన పడ్డ షాట్) ఎక్కువ.

నువ్వు ఈ మధ్య కొట్టిన ఆరు పూర్తి మ్యాచ్‌లు తీసుకుని సగటు కట్టు. నీ అత్యుత్తమ స్కోరు నుంచి లెక్క మొదలెట్టకు, అది బాగా కుదిరిన ఒక్క రోజుది. సగటు 538 అనుకుందాం. మూడు నెలలకి లక్ష్యం 544 చాలు, అంటే పది షాట్ల సిరీస్‌కి ఒక్క పాయింటు. తక్కువని మూతి ముడవకు.

ఆ ఒక్క పాయింటు ఎక్కడ దొరుకుతుందన్నదే అసలు విషయం. పది రింగు వ్యాసం 11.5 మి.మీ., తొమ్మిదిది 27.5. నీ స్థాయిలో తొమ్మిదిని పది చేయడం కష్టం, ఏడునీ ఎనిమిదినీ తొమ్మిది చేయడం తేలిక. అందుకని పదులు లెక్కపెట్టడం మానేసి, సిరీస్‌కి ఎన్ని ఏడులు, ఎనిమిదులు పడ్డాయో రాయి. వాటిలో చాలావరకు, కాల్చకుండా పిస్టల్ దించాల్సిన చోట దించకపోవడం వల్ల పడ్డవే. గురి కుదిరాక ఎనిమిది, పది సెకన్లలో షాట్ పోకపోతే కన్ను మసకబారుతుంది, చెయ్యి వణుకుతుంది, ఇక చాలని ట్రిగ్గర్ లాగేస్తావు. దించెయ్. 60 షాట్లకి 75 నిమిషాలు, అంటే షాట్‌కి 75 సెకన్లు. పదిసార్లు దించినా టైమ్ మిగులుతుంది. దించాల్సిన ప్రతిసారీ దించడం, ఈ నెల లక్ష్యం ఇదే పెట్టుకో.

కుడిచేతి వాళ్లకి షాట్లు ఎడమ కిందకి పోతుంటే వేలితో పాటు పిడికిలంతా బిగిస్తున్నట్టు. ముందు గొట్టం ఖాళీగా ఉందని చూసుకుని, తెల్లగోడకేసి రోజూ 30 డ్రై ఫైర్లు, అంటే గుండు లేకుండా ట్రిగ్గర్ నొక్కడం, చెయ్యి. ట్రిగ్గర్ విడిచేటప్పుడు ఫ్రంట్ సైట్ (గొట్టం కొసన ఉండే గురి ముక్క) కదలనివి ఎన్నో రాసుకో. వారం వారం ఆ సంఖ్య పెరిగితే చాలు. గ్రూప్ బిగువుగా ఉండి, అంటే షాట్లన్నీ ఒకేచోట దగ్గరగా పడుతూ, మధ్యలో కాకుండా పక్కన పడుతుంటే అది నీ లోపం కాదు, గురి సరిచేసే సైట్ క్లిక్‌లు తిప్పుకో. ఒక్క షాట్ చూసి మాత్రం తిప్పకు.

మొదటి రాష్ట్ర మ్యాచ్‌కి స్కోరు లక్ష్యమే వద్దు. ప్రాక్టీస్ కంటే తగ్గడం మామూలే. స్క్రీన్ మీద షాట్ చూడు, మొత్తం కూడుకోకు. 40వ షాట్ దగ్గర కూడికలు మొదలెట్టినవాళ్లు చివరి రెండు సిరీస్‌లూ పోగొట్టుకుంటారు.

పొడవు పెరుగుతున్న నెలల్లో స్టాన్స్ (నిలబడే తీరు), గ్రిప్ (పిస్టల్ పట్టు) రెండూ మారతాయి, స్కోరు జారుతుంది. అప్పుడు ఉన్నది నిలబెట్టుకో. పదో తరగతి పరీక్షల నెలలోనూ అంతే, డ్రై ఫైర్ ఒక్కటి వదలకు.

ఈసారి రాసేటప్పుడు ఆ ఆరు మ్యాచ్‌లవీ సిరీస్‌ల వారీగా పంపు. మొత్తాలు మాత్రమే పంపితే నాకేమీ తెలియదు.

ఆశీస్సులతో,
పెదనాన్న